గాలిని కొలుచు యంత్రముగల టైరువాల్వు విరిగినప్పుడు చేయవలసినది

మన సంఘసభ్యులలో కారుగాని, చిన్న సరకులబండిగాని కలవారు ఏటేట హెచ్చుచున్నారు. ఎడ్లబండి చక్రము విరిగినచో వడ్రంగి యుండెను. ట్రాక్టరు టైరునకు పంచరైనచో అతుకువేయు వాడు ప్రతి కూడలియందును కలడు. కాని క్రొత్తకార్ల చక్రములలో ఒక చిన్నవస్తువు దాగియున్న సంగతి అది చెడువరకును మనలో పెక్కురకు తెలియదు. అది గాలియొత్తిడిని కొలిచి తెలుపు సెన్సారు. వాల్వుకాడ లోపలికొనకు తగిలించబడి, టైరులోపల రిమ్మునానుకొని యుండును.

గత వేసవియందు ఈ వ్యాసకర్త విత్తనములకై పట్టణమునకు బోవుచు త్రోవలో గాలి పట్టించుకొనుటకు ఆగెను. పంపుగొట్టము తీయునప్పుడు పనివాడు దానిని ప్రక్కకు వంచి లాగగా, వాల్వుకాడ నట్టుమొదట విరిగి చేతికి వచ్చినది. నిమిషములో టైరు నేలకఱచినది. చూచినవారొకరు “సెన్సారు మొత్తము మార్చవలసినదే, వేలరూపాయల పని” అనిరి. వేఱొకరు “దానిని పీకి పాఱవేసి మామూలు రబ్బరువాల్వు బిగింతము” అనిరి. రెండును అక్కఱలేకపోయినవి. కాడమాత్రము మార్చగా పాతసెన్సారే నేటికిని పనిచేయుచున్నది. ఈ భేదము తెలియక సభ్యులు వ్యర్థముగా ధనము పోగొట్టుకొనరాదని ఈ వ్యాసము వ్రాయబడినది.

వాల్వు పాతదే. అమెరికాలో 1893వ సంవత్సరమున పేటెంటు పొందిన ష్రేడరు వాల్వే నేటి మోటారుచక్రముల వాల్వులకు మూలము. దానికి సెన్సారు జతయగుట ఇటీవలిమాట. గాలి తగ్గిన టైర్లవలన కలిగిన ఘోరప్రమాదములను విచారించి అమెరికా ప్రభుత్వము 2000లో చట్టము చేసినది. 2007 సెప్టెంబరు మొదలు అచ్చటి క్రొత్త తేలికవాహనములన్నిటికిని గాలి తగ్గినట్లు తెలుపు ఏర్పాటు విధిగా నుండవలసివచ్చెను. ఐరోపాలో క్రొత్తకార్లన్నిటికిని 2014 నవంబరునుండి ఇట్లే అయ్యెను. మనదేశమున 2020 అక్టోబరునుండి అమలైన నిబంధన ప్రకారము, ట్యూబులేని టైర్లును, ఈ సెన్సారు ఏర్పాటును, పంచరు బాగుచేయు సామగ్రియుగల కారునకు స్టెప్నీ లేకున్నను చెల్లును. ఇచ్చట ఒక మెలిక కలదు. ఆ సామగ్రిలోని జిగురుమందు టైరులోనికి పోవుదారి వాల్వే. వాల్వే విరిగినచో ఆ సామగ్రి యావత్తును నిష్ప్రయోజనము. కావున స్టెప్నీలేని బండి కొన్నవారికి వాల్వుకాడపై హెచ్చుశ్రద్ధ యవసరము.

సెన్సారు పనిచేయు తీరు సులభమే. అందులో ఒత్తిడిని గుర్తించు చిన్నబిళ్ళయు, చిన్న రేడియోయు, లితియము బ్యాటరీయు కలవు. బండి కదలుచున్నప్పుడు అది మాటిమాటికి గాలిలెక్కను ముందరిపలకకు పంపును. ప్రతి సెన్సారునకును ఒక సొంతనంబరుండును. సంఘపు రిజిష్టరులో సభ్యుని నంబరువంటి దనుకొనుడు. రిజిష్టరులో లేనివాని ఓటు చెల్లనట్లే, నమోదుకాని సెన్సారు చెప్పుమాటను బండి వినదు. కాడమాత్రము మార్చినచో నంబరు మారదు. మఱల నమోదు అవసరముండదు. సెన్సారునే మార్చినచో నమోదు చేయించవలెను.

అన్నిబండ్లలోను ఈ వస్తువు ఉండదని కూడ తెలిసికొనవలెను. కొన్నిటిలో చక్రములు తిరుగువేగములోని తేడానుబట్టియే గాలితగ్గుదలను కనిపెట్టుదురు. అట్టి బండికి మామూలువాల్వే చాలును. పలకపై ఒక్కొక్క చక్రపు గాలి అంకెలలో కనబడుచున్నచో సాధారణముగా సెన్సార్లు లోపల నున్నట్లే. ఇనుపవలె మెఱయు కాడయు, దానిమొదట నట్టును ఉన్నచో అదియు ఒక గుర్తు. కాని రబ్బరుకాడతో కూడిన సెన్సార్లును కలవు. పైకి చూచి మోసపోరాదు. పంచరు దుకాణమువానికి ముందుగనే చెప్పవలెను. చెప్పనిచో టైరును రిమ్మునుండి విడదీయు యంత్రపు పలుగు సెన్సారుపై బడి దానిని నుగ్గుచేయును.

కాడ ఏల విరుగును? రబ్బరుకాడ ఎండకును వయస్సునకును పగుళ్ళుపాఱును. మెఱయుకాడ పెక్కుసారులు అల్యూమినియము. ఇత్తడి మూతనుగాని, ఇత్తడి వాల్వుపిన్నునుగాని దానికి బిగించి తడి తగులనిచ్చినచో రెండులోహముల నడుమ రసాయనక్రియ జరిగి అల్యూమినియము తినివేయబడును. మూత మఱల ఊడిరాదు. పట్టకారుతో త్రిప్పగా కాడయే తెగును. పొటాషు బస్తాలు మోయు బండికిని, ఉప్పునీటి రొయ్యలచెఱువుల గట్లపై తిరుగు బండికిని ఈ బాధ అధికము. పొటాషులోను ఉప్పునీటిలోను గల క్లోరైడు అల్యూమినియమునకు శత్రువు. నికెలుపూత గల పిన్నును, ప్లాస్టికు మూతను వాడుట మేలు. మూత చవుకవస్తువే గాని, అది లేనిచో దుమ్మును ఉప్పును నేరుగా పిన్నును చేరును.

కాడ విరిగినచోట బండిని గజమైనను నడపరాదు. నట్టుక్రింద విరిగినప్పుడు సెన్సారు టైరులోనికి జాఱిపడియుండును. చక్రము తిరిగినచో అది లోపల దొర్లి తానును చెడును, టైరును చెఱుచును. జాకీ యెత్తి చక్రమును విప్పి, వేఱొక బండిలో దుకాణమునకు పంపవలెను.

అచ్చట టైరును విడదీయునప్పుడు యంత్రపుపలుగు వాల్వునకు దూరముగా నుండునట్లు చక్రమును త్రిప్పి పెట్టించుడు. సెన్సారును బయటికి తీసి పొడిగుడ్డతో తుడువవలెను. పెట్రోలుతో కడుగరాదు, గాలిపోవు చిన్నరంధ్రమున సూదిని గుచ్చరాదు. కాడ మరతో బిగింపబడియున్నచో విడదీయవచ్చును. మరతల నక్షత్రపుకోణములుగ నుండును. అతికి ఏకఖండముగా నున్నచో సెన్సారును మార్చక తప్పదు. బ్యాటరీ కూడ లోపల మూయబడియుండును గాన దానిని వేఱుగా మార్చవీలులేదు. అది సాధారణముగా 5 మొదలు 10 ఏండ్లు వచ్చును. కావున సెన్సారు ఏడెనిమిదేండ్లదైనచో కాడకై ఖర్చుపెట్టుటకంటె క్రొత్తసెన్సారే వేయించుకొనుట లాభమని నా యభిప్రాయము. టైరు విప్పు కూలి రెండింటికిని ఒక్కటే.

క్రొత్తకాడతోబాటు రబ్బరువాషరు, నట్టు, పిన్ను, మూత అన్నియు క్రొత్తవే వేయవలెను. ఇవి ఒకే పొట్లముగా దొరకును. పాతవాషరు ఒకసారి నలిగిన పిమ్మట మఱల సరిగా కూర్చుండదు. రిమ్ముకన్నము చుట్టు నున్న తుప్పును మట్టిని తుడిచి కాడను నిటారుగా నిలిపి బిగించుడు. బిగింపులోనే పెక్కురు తప్పుచేయుదురు. నట్టుబిగువు తయారీనిబట్టి మారును గాన పొట్లముపై వ్రాసిన కొలతను చూచి, బిగువుకొలుచు పానాతోనే బిగించవలెను. బలముకొలది త్రిప్పినచో క్రొత్తకాడయు అచ్చటనే పగులును. పిన్నును వ్రేళ్ళబలముకంటె కొంచెము హెచ్చుగా బిగించిన చాలును.

గాలి నింపి, కాడమొదటను పిన్నుపైనను సబ్బునీరు పోసి చూడుడు. బుడగ లేచినచో నట్టును ఇంకను బిగించుట మందు కాదు; విప్పి వాషరును మఱల కూర్చవలెను. చక్రమునకు తూకము సరిచూపించి బిగించి, కొంతదూరము నడిపినచో పలకపై దీపము ఆరును. దీపము నిలకడగా వెలుగుచున్నచో గాలి తక్కువయని యర్థము. బండి తీయగనే నిమిషమువఱకు మినుకుమినుకుమని పిమ్మట నిలిచినచో సెన్సారుగాని, నమోదుగాని చెడినదని పెక్కుబండ్లలో గుర్తు.

పుష్యమాసపు ఉదయమున దీపము వెలిగినంతనే సెన్సారుపై నింద వేయరాదు. వేడి సుమారు 5 డిగ్రీలు తగ్గినచో కారుటైరు గాలి దాదాపు ఒక పౌను తగ్గును. దుకాణమువారు దీనినే పాయింటందురు. చల్లని టైరుకే గాలి కొలిచి నింపవలెను.

సెన్సారు దొరకనప్పుడు మామూలు రబ్బరువాల్వుతో కొన్నాళ్ళు బండి నడపుటలో దోషములేదు. దీపము మినుకుచుండును, ఆ దినములలో వారమునకొకసారి చేతిమీటరుతో గాలి చూచుకొనవలెను. తీసివేసిన పాతసెన్సారును పెంటపైనగాని నిప్పులోగాని వేయరాదు. లితియము బ్యాటరీ మంటలో ప్రేలును. దుకాణమువానికే ఒప్పగించి రావలెను.