పిల్లలు చెప్పే గుండె పాఠం

పిల్లలు తమ దేహంలో తేలిగ్గా గుర్తుపట్టగలిగే అవయవాల్లో గుండె ఒకటి. పరిగెత్తి ఆగినప్పుడు దాని అదురు ఛాతీలో తెలుస్తుంది, మణికట్టు మీద వేళ్లు ఆనిస్తే దాని లయ అందుతుంది. అయినా చాలా గ్రామీణ పాఠశాలల్లో గుండె గురించిన పాఠం నల్లబల్ల మీది బొమ్మగానూ, భాగాల పేర్లు రాయవలసిన పరీక్ష ప్రశ్నగానూ మిగిలిపోతోంది. ఈ లోటును పూరించడానికి పెద్ద ఖర్చుగానీ ప్రత్యేక భవనాలుగానీ అక్కరలేని మార్గం ఒకటుంది: పై తరగతుల విద్యార్థులే ముందుగా శిక్షణ పొంది, కింది తరగతుల పిల్లలకు గుండె నిర్మాణాన్ని చేతికిచ్చి, చూపించి, ప్రశ్నలు వేయించి బోధించడం.

పిల్లలు పిల్లలకు చదువు చెప్పే పద్ధతి దక్షిణ భారతదేశానికి కొత్తది కాదు. పూర్వపు వీధిబడుల్లో పెద్ద పిల్లలు చిన్నవాళ్ల చేత ఇసుకలో అక్షరాలు దిద్దించేవారు. మద్రాసు ఎగ్మోరులోని సైనిక అనాథ బాలుర ఆశ్రమాన్ని నడిపిన ఆండ్రూ బెల్ అటువంటి బడిని చూసి, ఆ విధానాన్ని తన ఆశ్రమంలో ప్రవేశపెట్టి, ఎనిమిదేళ్ల బాలుడికి అక్షరాల తరగతిని అప్పగించి, ఆ అనుభవాన్ని 1797లో పుస్తకంగా ప్రచురించాడు. ‘మద్రాసు పద్ధతి’గా పేరుపడి ఇంగ్లండు పాఠశాలల్లో విస్తరించిన ఆ విధానం, వందలాది పిల్లల చేత ఒకే గొంతుతో వల్లె వేయించే యంత్రంగా మారిన చోట క్రమంగా తన విలువను కోల్పోయింది. బోధించే పిల్లవాడికి తాను చెప్పే విషయం నిజంగా అర్థమై ఉండాలనీ, వినే పిల్లవాడికి ప్రశ్నించే చోటు ఉండాలనీ ఆ చరిత్ర హెచ్చరిస్తోంది.

ఆ ఎరుకతోనే ఇరవయ్యో శతాబ్దంలో ఈ పద్ధతి కొత్త రూపం తీసుకుంది. 1979 అంతర్జాతీయ బాలల సంవత్సరానికి సన్నాహంగా లండన్‌లో డేవిడ్ మోర్లే, ఆయన సహచరులు మొదలుపెట్టిన ‘చైల్డ్ టు చైల్డ్’ ఉద్యమం, ఆరోగ్య విషయాలను పిల్లల ద్వారా పిల్లలకూ, వారి ద్వారా కుటుంబాలకూ చేర్చే విధానాన్ని అనేక దేశాలకు పరిచయం చేసింది. తెలుగు నేల మీద కుప్పం సమీపంలో విశాలమైన ప్రాంగణం ఉన్న, 1999లో ఏర్పడిన అగస్త్య అంతర్జాతీయ ఫౌండేషన్ సైన్స్ పరికరాలను వ్యాన్లలో పల్లె బడులకు చేర్చడంతో పాటు, ప్రభుత్వ పాఠశాలల విద్యార్థులకే తర్ఫీదునిచ్చి వారి చేత తోటి పిల్లలకు ప్రయోగాలు చెప్పించే కార్యక్రమాన్నీ నడుపుతోంది.

ఇటువంటి బోధనకు గుండె పాఠం ఎంతో అనువైనది, ఎందుకంటే దానికి కావలసిన ముఖ్య సామగ్రి ఊళ్లోని మటన్ కొట్టులోనే దొరుకుతుంది. మేక గుండెలోనూ మనిషి గుండెలోనూ గదుల అమరిక ఒకటే కనుక, ఉమ్మడి రాష్ట్రంలో రూపొందిన పదో తరగతి జీవశాస్త్ర పాఠ్యపుస్తకం కూడా మేక లేదా గొర్రె గుండెను పరిశీలించే కృత్యాన్ని చేర్చింది. నాళాలను మొదలంటా కోసెయ్యకుండా ఉంచమని కొట్టువాడికి ముందే చెప్పి తెచ్చిన గుండెను మంచినీళ్లతో కడిగి పళ్లెంలో పెట్టి, ఒక్కొక్క నాళంలోకి శీతల పానీయాల స్ట్రాను దూర్చి అది ఏ గదిలోకి దారి తీస్తుందో చూపితే, బొమ్మలో గీతలుగా మాత్రమే తెలిసిన మార్గాలు పిల్లలకు నిజమైన దారులుగా అర్థమవుతాయి.

గుండెలో పైన రెండు, కింద రెండు గదులుంటాయి. రక్తాన్ని అందుకునే పై గదులను కర్ణికలు అనీ, దాన్ని బలంగా బయటికి నెట్టే కింది గదులను జఠరికలు అనీ అంటారు. పిల్లలు వేళ్లతో నొక్కి చూస్తే కుడి జఠరిక గోడ మెత్తగానూ, ఎడమ జఠరిక గోడ దాదాపు మూడు రెట్లు మందంగా, గట్టిగానూ తగులుతుంది. కుడి జఠరిక రక్తాన్ని పక్కనే ఉన్న ఊపిరితిత్తులకు పంపితే చాలు, ఎడమది మాత్రం తల నుంచి కాలి వేళ్ల దాకా పంపాలి. అందుకే మనిషి గుండె సంకోచించినప్పుడు కుడి జఠరికలో పీడనం సుమారు 25 మిల్లీమీటర్ల పాదరసం మేర ఉంటే, ఎడమ జఠరికలో సుమారు 120 మిల్లీమీటర్లకు చేరుతుంది. ఎడమ జఠరిక నుంచి బయలుదేరే పెద్ద నాళమైన మహాధమనిలోకి పైనుంచి నీళ్లు పోస్తే అవి లోపలికి దిగకుండా నిలబడతాయి. రక్తం వెనక్కి రాకుండా అడ్డుకునే పలుచని పొరల ద్వారాలను, అంటే కవాటాలను, పిల్లలు ఆ క్షణంలో స్వయంగా కనిపెడతారు. ఈ కవాటాలు మూసుకునేటప్పుడు పుట్టే శబ్దమే ‘లబ్ డబ్’. 1816లో ఫ్రెంచి వైద్యుడు లెనెక్ కాగితాన్ని గొట్టంలా చుట్టి రోగి ఛాతీకి ఆనించి విన్నట్టే, నోటుపుస్తకపు అట్టను చుట్టి పిల్లలు ఒకరి గుండె చప్పుడు ఒకరు వినవచ్చు.

తరువాత లెక్క వస్తుంది. రక్తం దేహంలో చుట్టి తిరిగి వస్తుందని 1628లో నిరూపించిన విలియం హార్వే వాదానికి గుణకారమే ప్రధాన ఆధారం: గుండె ప్రతి స్పందనలో కొద్దిపాటి రక్తాన్నే నెట్టినా, అరగంటలో ఆ మొత్తం దేహంలోని రక్తమంతటినీ మించిపోతుంది కనుక, అదే రక్తం మళ్లీ మళ్లీ తిరుగుతూ ఉండాలి. విశ్రాంతిగా ఉన్న పెద్దవారిలో స్పందనకు 70 మిల్లీలీటర్ల చొప్పున నిమిషానికి 72 సార్లు అంటే దాదాపు 5 లీటర్లు. దేహంలో ఉండే రక్తమూ సుమారు అంతే. ఆరో తరగతి పిల్లవాడు తన నాడిని తానే లెక్కపెట్టి ఈ గుణకారం చేసినప్పుడు, ఒక వాస్తవంతో పాటు అది వాస్తవమని తెలుసుకునే పద్ధతి కూడా అతనికి వంటపడుతుంది.

ఈ పాఠాన్ని పై తరగతి విద్యార్థి చెప్పడంలో ప్రత్యేక ప్రయోజనం ఉంది. బొమ్మలో ఎడమ జఠరిక కుడివైపు ఎందుకు కనిపిస్తుందో, పుస్తకంలో నీలంగా వేసిన రక్తం నిజానికి ముదురు ఎరుపేనని ఎందుకు గుర్తుంచుకోవాలో, ఛాతీకి మధ్యలో ఉండి కాస్త ఎడమకు ఒరిగిన గుండె పూర్తిగా ఎడమవైపే ఉందని ఎందుకు అనిపిస్తుందో, ఆ తికమకలను ఈమధ్యే దాటి వచ్చిన విద్యార్థికి బాగా తెలుసు. చెప్పేవారికీ మేలు జరుగుతుంది: పరీక్ష కోసం చదివినవారి కన్నా, ఇతరులకు బోధించాలన్న ఉద్దేశంతో చదివినవారు విషయాన్ని మరింత క్రమంగా గుర్తుంచుకున్నారని 2014లో వెలువడిన ఒక అమెరికన్ అధ్యయనం తేల్చింది.

పల్లె పిల్లలకు ఈ జ్ఞానం ఆరోగ్య రక్షణ కూడా. స్ట్రెప్టోకాకస్ అనే బాక్టీరియా వల్ల వచ్చిన గొంతునొప్పికి సరైన చికిత్స అందకపోతే, కొందరు పిల్లల్లో రెండు మూడు వారాల తరువాత కీళ్ల నొప్పులతో రుమాటిక్ జ్వరం వచ్చి గుండె కవాటాలను శాశ్వతంగా దెబ్బతీస్తుంది. ఇది ఎక్కువగా 5 నుంచి 15 ఏళ్ల మధ్య వయసు వారికే వస్తుంది, సకాలంలో ఇచ్చే పెన్సిలిన్ దీన్ని నివారిస్తుంది. కవాటాన్ని కళ్లారా చూసిన పిల్లవాడు గొంతునొప్పితో వచ్చిన జ్వరాన్ని ఇంట్లో దాచడు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద బడికి వైద్య బృందం వచ్చినప్పుడు, ఆయాసం గురించి చెప్పాలన్న సంగతీ అతనికి తెలుస్తుంది.

ఈ ప్రయత్నం నిలవాలంటే కొన్ని నియమాలు తప్పవు. బ్లేడు ఉపాధ్యాయుడి చేతిలోనే ఉండాలి, పాఠం ముగిశాక అందరూ సబ్బుతో చేతులు కడుక్కోవాలి, మాంసాన్ని ముట్టడం ఇష్టంలేని పిల్లలను బలవంతపెట్టకుండా వారికి మట్టితో గుండె నమూనా చేసే పని ఇవ్వాలి. విద్యార్థి బోధకుడికి జవాబు తెలియని ప్రశ్న ఎదురైతే, దాన్ని రాసుకుని ఉపాధ్యాయుడితో కలిసి వెతికి మరుసటి వారం చెప్పే అలవాటు ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, ఈ పాఠం సైన్స్ దినోత్సవపు ఒక్కరోజు ప్రదర్శనగా ముగియకుండా పాఠశాల కాలపట్టికలో చోటు సంపాదించుకోవాలి. అప్పుడే ఈ ఏడాది విన్న ఆరో తరగతి పిల్లలు నాలుగేళ్లలో బోధించే స్థాయికి ఎదుగుతారు, ప్రయోగశాల లేని ఊరి బడిలో కూడా సైన్స్ పరిశీలనతో, ప్రశ్నతో నేర్చుకునే చదువుగా వేళ్లూనుకుంటుంది.