కిటికీ వారిది, మల్లెలు ఎవరివి?

మా రామకుప్పంలో ఒక అవ్వ ఉంది. తిరగలి పాటలు పాడటంలో ఆవిడకు ఆవిడే సాటి. పోయిన వేసవి సెలవుల్లో ఆ పాటలు పన్నెండు రాసుకుని, వాటి మీద ఒక వ్యాసం రాసి, నా సొంత వెబ్‌సైటులో పెట్టుకున్నాను. నెల తిరక్కుండానే మా విద్యార్థి ఒకడు వచ్చి, "సార్, మీ వ్యాసం ఇంకో సైటులో కూడా ఉంది. పైన వాళ్ళ పేరూ, పక్కన చీరల ప్రకటనలూ!" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. బెంగుళూరులో కంప్యూటరు ఉద్యోగం చేస్తున్న మేనల్లుడికి ఫోను చేశాను. వాడు నింపాదిగా, "వాళ్ళు కాపీ కొట్టలేదు మామయ్యా. వ్యాసం మీ దగ్గరే ఉంది. వాళ్ళ పేజీలో ఒక చట్రం బిగించి, అందులోంచి మీ పేజీ కనబడేట్టు చేశారంతే. మీరు తీసేస్తే అక్కడా మాయమవుతుంది" అన్నాడు.

అంటే మా పెరటి మల్లెలు కోసుకుపోలేదు. మా పెరడు కనబడేట్టు తమ గోడకు కిటికీ పెట్టి, వచ్చినవారికల్లా "మా తోట చూడండి" అంటున్నారన్నమాట!

ఈ తగవు కొత్తదేమీ కాదు. 1997లో అమెరికాలో టోటల్‌న్యూస్ అనే సైటు వాషింగ్టన్ పోస్ట్, సి.ఎన్.ఎన్. వంటి సంస్థల వార్తలను ఇలాగే తన చట్రంలో చూపించింది. వారు దావా వేశారు. చివరికి రాజీ కుదిరింది: దారి చూపించవచ్చు గాని, చట్రం బిగించకూడదని. హక్కుదారు ఇటువంటి చట్రాలకు అడ్డుకట్ట వేసుకున్నచోట అనుమతి లేకుండా చూపించరాదని 2021లో ఐరోపా యూనియన్ న్యాయస్థానం చెప్పింది. మన 1957 కాపీరైటు చట్టంలోని 57వ సెక్షను ప్రకారం, హక్కులు అమ్ముకున్నా సరే, "ఇది నా రచన" అని చెప్పుకునే హక్కు రచయితకు ఉంటుంది.

చట్టం సంగతి అలా ఉంచి, మర్యాద మాటేమిటి? ఊరికి కొత్తగా వచ్చినవాడికి "ఫలానా వారిల్లు అదుగో" అని చూపించడం ఉపకారమే. ఆ ఇంటి గుమ్మానికి తన పేరు పలక తగిలించుకోవడం మాత్రం ఉపకారం కాదు.

ఈ మాటలే పెట్టి ఆ సైటువారికి ఘాటుగా ఉత్తరం రాశాను. పంపేముందు, ఒక పాటలో పాఠం సరిచూసుకుందామని అవ్వ దగ్గరికి వెళ్ళి, సెల్‌ఫోనులో నా పేజీ చూపించాను. అవ్వకు చదువు రాదు. మనవరాలు చదివి వినిపించింది.

అంతా విని అవ్వ, "బాగుండాది నాయనా. ఇందులో నా పేరు ఏడుండాది?" అంది.

లేదు. "రామకుప్పం ప్రాంతపు ఒక వృద్ధురాలు" అని ఉంది. పైన మాత్రం నా పేరు, ఎం.ఏ.తో సహా!

ఆ రాత్రి ముందు నా పేజీ దిద్దుకున్నాను. ఉత్తరం మర్నాడు పంపాను, ఘాటు కాస్త తగ్గించి. ఈ వ్యాసంలోనూ అవ్వ పేరు రాద్దామని అడిగితే, "పత్రికలో ఎందుకులే నాయనా, పాట కాడ ఉంటే సాలు" అంది.