నాన్న ముఖంలో లేని కోపం

సాయంత్రం హైదరాబాద్‌లో మైత్రీవనం దగ్గర ట్రాఫిక్‌లో నలిగి, పంజాగుట్ట దాటి ఇంటికొచ్చిన తండ్రి కనుబొమలు ముడిపడే ఉంటాయి. అది అలసట. లోపల ఏదో ఆందోళనతో సతమతమయ్యే ఎనిమిదేళ్ల పిల్లాడికి మాత్రం అది కోపంలా కనిపించవచ్చు. "నేనేం చేశాను?" అని వాడే ముందు అరుస్తాడు. మనం దానికి పొగరని పేరు పెడతాం.

ముఖం చూసి మనసు పసిగట్టడం పిల్లలకు ఒక్కసారిగా అబ్బదు. సంతోషాన్ని చిన్నప్పుడే గుర్తుపడతారు. భయం, ఏవగింపు లాంటివి సరిగ్గా పోల్చుకోవడానికి ఏళ్లు పడుతుంది. మానసిక ఇబ్బందులున్న పిల్లలు ఇక్కడ తడబడవచ్చు, కానీ అందరూ ఒకేలా తడబడరు.

అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో సెత్ పొలాక్ బృందం చేసిన ప్రయోగం 2002లో వెలువడింది. తెరమీద మసకగా మొదలైన ముఖం కొద్దికొద్దిగా స్పష్టమవుతూ వస్తుంది. ఇంట్లో దెబ్బలు తిన్న పిల్లలు, ఆ ముఖం ఇంకా మసగ్గా ఉండగానే, మిగతావాళ్లకంటే ముందు కోపాన్ని పట్టేశారు. అది చూపులో లోపం కాదు. దెబ్బ ఎప్పుడు పడుతుందో కనిపెట్టుకుని బతికిన పసివాడు నేర్చుకున్న జాగ్రత్త. అలాంటి పిల్లాణ్ని "ఎందుకంత అనుమానం?" అని గద్దిస్తే ఆ జాగ్రత్త ఇంకా పెరుగుతుంది.

ఇందుకు పూర్తి భిన్నమైన పిల్లలూ ఉన్నారు. ఎదుటివారి బాధకు చలించనట్టుండే కౌమార బాలురు భయాన్ని గుర్తించలేకపోవడం ఆస్ట్రేలియాలో మార్క్ డాడ్స్ బృందం గమనించింది. "కళ్లను చూడు" అని చెప్పగానే, ఆ కాసేపైనా, గుర్తించగలిగారు. 2006 నాటి ఈ ఫలితం నాకెంతో ధైర్యాన్నిస్తుంది. రాతిగుండె అని మనం తీర్మానించినచోట, చూపు పడాల్సినచోట పడకపోవడమూ ఒక కారణం కావచ్చు. అయితే ఆటిజం ఉన్న పిల్లల్లో కొందరికి కళ్లలోకి చూడటమే హింస. వాళ్లను బలవంతపెట్టకూడదు.

ఇంట్లో చేయగలిగింది, మన మనసును మాటల్లో చెప్పడం. "నీ మీద కోపం కాదు నాన్నా, తలనొప్పిగా ఉంది" అంటే చాలు, పిల్లాడికి ఊహించుకోవాల్సిన పని తప్పుతుంది. ఫోన్‌లో ఇంటివాళ్ల ఫొటోలు చూపిస్తూ "ఇక్కడ అమ్మమ్మకి ఏమనిపిస్తోంది?" అని కబుర్లలో అడగండి. పరీక్ష పెట్టినట్టు వద్దు.

ముఖాలు పోల్చుకోలేకపోవడం ఒక్కటే చూసి డాక్టర్లు ఏ జబ్బనీ తేల్చరు. నిద్ర, తిండి, చదువు, ఆటలు అన్నీ అడుగుతారు. చూపించాలనుకుంటే పంజాగుట్టలోనే నిమ్స్ ఆసుపత్రి ఉంది. ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్న ఎర్రగడ్డ, అమీర్‌పేట నుంచి మియాపూర్ వైపు మెట్రోలో మూడో స్టేషన్. ఇల్లు కదిలే వీలు లేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.