యుద్ధరంగ టెలివిజన్ విలేకరి: పీటర్ ఆర్నెట్ జీవితం, వృత్తి

9.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు:
• పీటర్ ఆర్నెట్ వృత్తి జీవితంలోని ముఖ్య ఘట్టాలను వివరించగలుగుతారు.
• 1991 గల్ఫ్ యుద్ధం తొలి రాత్రి బాగ్దాద్ నుంచి ప్రత్యక్ష ప్రసారం ఎలా సాధ్యమయిందో చెప్పగలుగుతారు.
• విలేకరి స్వయంగా చూసినది, ఇతరుల నుంచి విన్నది, తాను అనుకుంటున్నది అనే మూడింటి మధ్య తేడాను ఉదాహరణలతో చర్చించగలుగుతారు.

9.1 పరిచయం

యుద్ధవార్తలు మనకు ప్రధానంగా మూడు మార్గాల్లో అందుతాయి: యుద్ధం చేస్తున్న ప్రభుత్వాల ప్రకటనలు, యుద్ధంలో చిక్కుకున్న ప్రజల మాటలు, అక్కడికి వెళ్ళిన విలేకరుల కథనాలు. ప్రభుత్వాలు తమకు అనుకూలమైన విషయాలనే ముందుకు తెస్తాయి. ప్రజల గొంతు దేశం దాటి రావడం కష్టం. అందువల్ల విలేకరి మీద పడే భారం ఎక్కువ. టెలివిజన్ వచ్చాక ఈ భారం ఇంకా పెరిగింది. పత్రికా విలేకరి రాసిన వార్తను సంపాదకుడు పరిశీలించిన తరవాతే పాఠకుడు చదువుతాడు. ప్రత్యక్ష ప్రసారంలో విలేకరి నోటి మాట ఆ క్షణంలోనే ప్రేక్షకుణ్ణి చేరుతుంది.

ఈ మార్పును రెండు వైపుల నుంచీ చూసినవాడు పీటర్ ఆర్నెట్. వార్తాసంస్థ విలేకరిగా గొప్ప పేరు తెచ్చుకుని, ఆ తరవాత టెలివిజన్‌లోకి వచ్చాడు. ఆయన విజయాలూ వైఫల్యాలూ రెండూ విద్యార్థులకు పాఠాలే.

9.2 తొలి జీవితం

ఆర్నెట్ 1934లో న్యూజీలాండ్ దక్షిణ దీవిలోని రివర్టన్‌లో పుట్టాడు. స్థానిక దినపత్రికలో పని నేర్చుకుని, ఆగ్నేయాసియాకు చేరి థాయిలాండ్, లావోస్‌లలో ఇంగ్లీషు పత్రికలకు పనిచేశాడు. 1960లో లావోస్‌లో సైనిక తిరుగుబాటు జరిగినప్పుడు బయటి ప్రపంచంతో సంబంధాలు తెగిపోయాయి. వార్త పంపడానికి తాను మెకాంగ్ నదిని ఈది అవతలి ఒడ్డున ఉన్న థాయిలాండ్‌కు చేరానని ఆయన చెప్పుకున్నాడు. వార్త సేకరించడం ఎంత ముఖ్యమో, దాన్ని బయటికి చేర్చే దారి వెతుక్కోవడం కూడా అంతే ముఖ్యమన్న సంగతి ఆయన వృత్తి జీవితం పొడుగునా కనిపిస్తుంది.

9.3 వియత్నాం (1962–1975)

అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ విలేకరిగా ఆర్నెట్ 1962లో సైగాన్ చేరాడు. సాయంత్రం సైనికాధికారులు విలేకరుల సమావేశంలో చెప్పేదానికీ, పగలు పొలాల్లో, అడవుల్లో జరిగేదానికీ పొంతన ఉండేది కాదు. ఆర్నెట్ సైనిక దళాల వెంట వెళ్ళి, తాను చూసినదాన్ని ఆడంబరం లేని వాక్యాల్లో రాసేవాడు. 1963లో బౌద్ధుల నిరసన ప్రదర్శన వార్త సేకరిస్తుండగా దక్షిణ వియత్నాం రహస్య పోలీసులు ఆయనను కొట్టారు. 1966లో అంతర్జాతీయ వార్తా రచనకు పులిట్జర్ బహుమతి లభించింది.

1968లో బెన్‌ట్రే పట్టణం బాంబుదాడులకు ధ్వంసమయింది. ఆ పట్టణాన్ని కాపాడటానికే నాశనం చేయవలసి వచ్చిందన్న అర్థంలో ఒక అమెరికన్ అధికారి చెప్పినట్లు ఆర్నెట్ రాశాడు. ఆ మాట యుద్ధ వ్యతిరేకులకు నినాదంలా మారింది. అయితే ఆ అధికారి పేరును ఆర్నెట్ ప్రకటించలేదు. దానితో ఆ మాట నిజంగా ఎవరన్నారన్న వివాదం దశాబ్దాలపాటు సాగింది. ధ్వంసమైన పట్టణం ఆయన కంటితో చూసినది. దాన్ని ఎవరూ కాదనలేదు. వివాదమంతా ఆయన విన్న మాట గురించే. ఈ తేడాను గుర్తుంచుకోండి.

1975 ఏప్రిల్ 30న సైగాన్ పతనమైనప్పుడు చాలామంది విదేశీ విలేకరులు వెళ్ళిపోయారు. ఆర్నెట్ మరి కొద్దిమందితో కలిసి అక్కడే ఉండి, నగరం చేతులు మారడాన్ని రిపోర్టు చేశాడు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – I
1. బెన్‌ట్రే కథనంలో చూసిన విషయం ఏది? విన్న విషయం ఏది?

9.4 బాగ్దాద్, 1991

9.4.1 తొలి రాత్రి ప్రసారం

రోజుకు 24 గంటలూ వార్తలు ప్రసారం చేయడానికి 1980లో మొదలైన సీఎన్ఎన్‌లో ఆర్నెట్ మరుసటి సంవత్సరం చేరాడు. 1991 జనవరి 17 తెల్లవారకముందే బాగ్దాద్‌పై బాంబుదాడి మొదలయినప్పుడు ఆయన, బెర్నార్డ్ షా, జాన్ హాలిమన్ అల్ రషీద్ హోటల్ గదిలో ఉన్నారు. నగర టెలిఫోన్ వ్యవస్థ దెబ్బతిని ఇతర సంస్థల విలేకరుల లైన్లు తెగిపోయాయి. సీఎన్ఎన్ మాత్రం ఇరాక్ ప్రభుత్వ అనుమతితో ముందే ఒక ప్రత్యేక లైను ఏర్పాటు చేసుకుంది. 'నాలుగు తీగల లైను' అని పిలిచే ఇది స్థానిక ఎక్స్ఛేంజీతో పని లేకుండా జోర్డాన్ రాజధాని అమ్మాన్ మీదుగా అమెరికాను కలిపేది. అందుకే అది పనిచేసింది.

ఇక్కడ ఒక విశేషం ఉంది. టెలివిజన్ చరిత్రలో ప్రసిద్ధమైన ఈ ప్రసారంలో హోటల్ గది నుంచి వచ్చినది గొంతు మాత్రమే. తెర మీద పటాలు, విలేకరుల ఫొటోలు కనిపిస్తుంటే, కిటికీలోంచి చూస్తున్న దృశ్యాన్ని ముగ్గురూ మాటల్లో చెప్పారు. ప్రేక్షకులను కట్టిపడేసింది చిత్రం కాదు, అక్కడ మనిషి ఉన్నాడన్న నమ్మకం. మన దేశంలోనూ పెద్ద నగరాల్లో కేబుల్ టీవీ వ్యాప్తికి ఈ యుద్ధ ప్రసారాలు ఊతమిచ్చాయి.

9.4.2 సెన్సారు నీడలో

సహచరులు బాగ్దాద్ విడిచి వెళ్ళినా ఆర్నెట్ ఉండిపోయాడు. ఆయన వెంట ఎప్పుడూ ఇరాక్ అధికారులు ఉండేవారు. రాతప్రతిని వారు చూసిన తరవాతే చదవాలి. ఎక్కడికి వెళ్ళాలో నిర్ణయించేదీ వారే. ఈ కథనాలు ఇరాక్ సెన్సారు అనుమతితో వస్తున్నాయని సీఎన్ఎన్ ప్రేక్షకులకు తెలియజేసేది.

అధికారులు ఆయనను బాంబుదాడిలో ధ్వంసమైన ఒక కర్మాగారానికి తీసుకువెళ్ళారు. అది పసిపిల్లల పాలపొడి ఫ్యాక్టరీ అని ఇరాక్ అంది. జీవ ఆయుధాల కేంద్రమని అమెరికా ప్రభుత్వం వాదించింది. అక్కడ తనకు కనిపించినవి పాలపొడి తయారీకి సంబంధించినవేనని ఆర్నెట్ చెప్పాడు. శత్రుదేశ ప్రచారానికి సాయపడుతున్నాడని అమెరికాలో విమర్శలు చెలరేగాయి. సెనేటర్ ఆలన్ సింప్సన్ ఆయనను శత్రువు సానుభూతిపరుడని నిందించి, తరవాత ఆ మాటకు విచారం తెలిపాడు.

ఇలాంటి స్థితిలో విలేకరి ఏం చేయాలి? వెళ్ళిపోతే ప్రభుత్వాల ప్రకటనలు మాత్రమే మిగులుతాయి. ఉండిపోతే సెన్సారు చూపించినంత మేరకే చూడగలడు. ఆర్నెట్ ఉండటాన్నే ఎంచుకున్నాడు. అలా ఉండిపోయే విలేకరి తనను ఎవరు తీసుకువెళ్ళారో, ఏమి చూపించారో, ఏమి చూడనివ్వలేదో ప్రేక్షకుడికి చెప్పాలి. అప్పుడే ఆ కథనానికి ఎంత విలువ ఇవ్వాలో ప్రేక్షకుడు తేల్చుకోగలడు.

9.5 ఎదురుదెబ్బలు

1998 జూన్‌లో సీఎన్ఎన్ ఒక పరిశోధన కథనం ప్రసారం చేసింది. 1970లో లావోస్‌లో అమెరికా దళాలు పారిపోయిన స్వదేశీ సైనికులపై సారిన్ విషవాయువు ప్రయోగించాయన్నది అందులోని ఆరోపణ. కథనం వినిపించినది ఆర్నెట్. న్యాయవాది ఫ్లాయిడ్ ఏబ్రమ్స్ ఆధ్వర్యంలో జరిగిన విచారణలో ఆరోపణకు తగిన ఆధారాలు లేవని తేలింది. జూలైలో సీఎన్ఎన్ కథనాన్ని ఉపసంహరించుకుని క్షమాపణ చెప్పింది. కథనం తయారీలో తన పాత్ర స్వల్పమని ఆర్నెట్ అన్నాడు. కానీ ప్రేక్షకుడు నమ్మింది ఆయన గొంతునే. ఆయన మందలింపుకు గురై, 1999లో సంస్థను వీడాడు.

2003లో ఇరాక్ యుద్ధానికి ఆయన మళ్ళీ బాగ్దాద్‌లో ఉన్నాడు. ఆయన కథనాలు ఎన్‌బీసీలో వచ్చేవి. మార్చి చివర్లో ఇరాక్ ప్రభుత్వ టెలివిజన్‌కు ఇంటర్వ్యూ ఇస్తూ, ఇరాక్ ప్రతిఘటన వల్ల అమెరికా తొలి యుద్ధ ప్రణాళిక విఫలమయిందన్నాడు. ఎన్‌బీసీ ఆయనను తొలగించింది. ఆయన క్షమాపణ చెప్పాడు. వెంటనే బ్రిటన్‌కు చెందిన డైలీ మిర్రర్ పత్రిక ఆయనను తీసుకుంది. తరవాతి కాలంలో ఆయన చైనాలోని శాంటౌ విశ్వవిద్యాలయంలో జర్నలిజం బోధించాడు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – II
1. 1991లో విమర్శలు వచ్చినా సీఎన్ఎన్ ఆర్నెట్‌ను కొనసాగించింది. 2003లో ఎన్‌బీసీ తొలగించింది. ఈ రెండు సందర్భాల మధ్య తేడా ఏమిటి?

9.6 సమీక్ష

పై ఘట్టాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. సైగాన్‌లోనూ, 1991 బాగ్దాద్‌లోనూ ఆర్నెట్ తన కళ్ళతో చూసినదానిపై నిలబడ్డాడు. పెద్ద పెద్ద వ్యక్తులు నిందించినా ఆ కథనాలకు విలువ తగ్గలేదు. 1998లో ఇతరులు సేకరించిన ఆధారాలకు, తాను పరీక్షించకుండానే, తన గొంతునిచ్చాడు. 2003లో యుద్ధంలో ఒక పక్షానికి చెందిన టెలివిజన్‌లో విలేకరిగా కాక వ్యాఖ్యాతగా మాట్లాడాడు. ఆ మాటల్లో నిజం ఎంత అన్నది వేరే ప్రశ్న. ఎక్కడ నిలబడి, ఏ హోదాలో మాట్లాడాడన్నదే అక్కడ సమస్య అయింది.

9.7 సారాంశం

పీటర్ ఆర్నెట్ నాలుగు దశాబ్దాలకు పైగా యుద్ధాలను రిపోర్టు చేశాడు. ప్రమాదస్థలంలో ఉండిపోవడం ఆయన బలం. అయితే అక్కడ ఉన్నంత మాత్రాన నమ్మకం రాదు. తాను చూసినది ఏది, విన్నది ఏది, అనుకున్నది ఏది అన్నది విడివిడిగా చెప్పినప్పుడే వస్తుంది. టెలివిజన్ విలేకరి తన గొంతుతో వెళ్ళే ప్రతి వాక్యానికీ, దాన్ని రాసింది ఎవరైనా, జవాబుదారీ అవుతాడు.

9.8 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. కింది వాటికి సుమారు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. యుద్ధ విలేకరిగా పీటర్ ఆర్నెట్ వృత్తి జీవితాన్ని సమీక్షించండి.
2. శత్రుదేశ రాజధానిలో సెన్సారుకు లోబడి పనిచేసే విలేకరి పాటించవలసిన ప్రమాణాలను చర్చించండి.

II. కింది వాటికి సుమారు 15 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. 'నాలుగు తీగల లైను' ప్రాముఖ్యం ఏమిటి?
2. 1998 నాటి కథనం ఉపసంహరణ నుంచి విలేకరులు నేర్చుకోవలసినది ఏమిటి?