ఊరు కాని ఊళ్లో తుపాను పట్టేస్తే...

తపాలా బిళ్లల ప్రదర్శన, పాత నాణేల మేళా, చదరంగం పోటీలు, బోన్సాయ్ సదస్సు, పక్షి ప్రేమికుల సమావేశం... అభిరుచి ఏదైనా కానీ, ఒకే ఇష్టమున్న వాళ్లంతా ఒకచోట చేరితే ఆ సందడే వేరు. రెండు రోజులే కదా అని రెండు జతల బట్టలు, ఆల్బమ్‌లు, కెమెరా సర్దుకుంటాం. మందులూ లెక్కపెట్టి రెండు రోజులకే పెట్టుకుంటాం. తీరా మూడో రోజు తిరుగు రైలు రద్దయితే? హోటల్లో కరెంటు పోయి, వీధిలో మోకాలి లోతు నీళ్లు నిలిస్తే?

ఇలాంటివి మనకు కొత్తేమీ కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం వద్ద తీరం దాటినప్పుడు నగరంలో కరెంటు పోయింది, ఫోన్లు మూగబోయాయి, విమానాశ్రయం దెబ్బతింది. 2023 డిసెంబరు 4న మిగ్‌జాం ధాటికి చెన్నై విమానాశ్రయాన్ని మర్నాటి వరకూ మూసేశారు. 2024 సెప్టెంబరు 1న భారీ వర్షాలకు మహబూబాబాద్ జిల్లాలో ఇంటికన్నె-కేసముద్రం మధ్య పట్టాల కింద కంకర కొట్టుకుపోయి రైళ్లు ఎక్కడివక్కడే ఆగిపోయాయి.

గట్టి కట్టడంలో, ఎత్తయిన చోట ఉన్నవారికి గాలివానతో ముప్పు తక్కువే. వారిని ఎక్కువగా దెబ్బతీసేది దినచర్య తెగిపోవటం. వేళకు మందు పడదు, తిండి దొరకదు, నీళ్లు తాగరు, నిద్ర ఉండదు. మధుమేహం, అధిక రక్తపోటు, గుండె జబ్బు, మూర్ఛ వంటి సమస్యలున్న వారికి ఇదే పెద్ద చిక్కు. కాస్త ముందుచూపుతో దీన్ని చాలావరకు తప్పించుకోవచ్చు.

తిరుగు ప్రయాణం ఎప్పుడు?

తుపాను చెప్పకుండా రాదు. గండం ఉన్న ప్రాంతాలను వాతావరణ శాఖ కనీసం 48 గంటల ముందే అప్రమత్తం చేస్తుంది. మరో హెచ్చరిక కనీసం 24 గంటల ముందు వస్తుంది. రైళ్లు, విమానాలు ఇంకా నడుస్తుండగానే బయల్దేరాలంటే మొదటి కబురుకే కదలాలి. ‘ఇంత దూరం వచ్చాం, చివరి రోజే కదా అసలు వేలం’ అని ఆగిపోతేనే ఇబ్బంది. ఇంట్లో గర్భిణి గానీ, డయాలసిస్ చేయించుకునే వారు గానీ, పసిపిల్లలు గానీ వెంట ఉంటే అసలు ఆలోచించొద్దు. వెంటనే తిరుగుముఖం పట్టటమే మేలు. వెళ్లే వీల్లేకపోతే గట్టి భవనంలో పై అంతస్తు గదికి మారిపోవాలి.

ఏ మందు ఆపకూడదు?

ప్రయాణం ఎన్ని రోజులైతే అన్ని రోజులకూ, దానికి తోడు కనీసం మరో మూడు నుంచి ఐదు రోజులకూ సరిపడా మందులు ఉండాలి. వీటిని పెద్ద సూట్‌కేసులో కాకుండా చేతి సంచిలో పెట్టుకోవాలి. మందుల చీటీని ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోవటంతో పాటు, ఒక కాగితం మీద మందుల అసలు పేర్లు, మోతాదులు రాసి ఉంచుకోవాలి. మన ఊళ్లో దొరికే కంపెనీ మాత్ర వేరే ఊళ్లో దొరక్కపోవచ్చు. అసలు పేరు చూపిస్తే అదే మందును మరో కంపెనీది ఇస్తారు.

అన్ని మందులూ ఒకలాంటివి కావు. థైరాయిడ్ మాత్ర ప్రభావం ఒంట్లో కొద్ది రోజుల పాటు ఉంటుంది. ఒకట్రెండు రోజులు తప్పినా కంగారు పడాల్సిన పని లేదు. కానీ మూర్ఛ మందులు, రక్తం గడ్డకట్టకుండా చూసేవి, స్టెంట్ వేశాక వాడేవి, దీర్ఘకాలంగా వాడుతున్న స్టిరాయిడ్లు, అటెనొలాల్, మెటొప్రొలాల్ రకం బీపీ మాత్రలు ఉన్నట్టుండి ఆపితే ప్రమాదం ముంచుకురావొచ్చు. మానసిక సమస్యల మందులూ అంతే. నిల్వ తక్కువగా ఉందని సొంతంగా సగం మాత్ర చేసుకోవద్దు. ఫోన్ పనిచేస్తున్నప్పుడే డాక్టర్‌ను అడగాలి. ఒక పూట మరచిపోయామని తర్వాతి పూట రెట్టింపు వేసుకోవద్దు.

కరెంటు లేదు, ఇన్సులిన్ ఎలా?

ఫ్రిజ్ ఆగిపోయిందని ఇన్సులిన్ పారేయాల్సిన పని లేదు. వాడుతున్న సీసా, పెన్నుల్లో చాలా రకాలు గది ఉష్ణోగ్రతలో, అంటే 25-30 డిగ్రీల లోపు, సుమారు 4 వారాలు బాగుంటాయి. రకాన్ని బట్టి కొంత తేడా ఉంటుంది కాబట్టి డబ్బా మీద చూసుకోవాలి. గది వేడిగా ఉంటే ఇన్సులిన్‌ను చిన్న డబ్బాలో పెట్టి, తడి గుడ్డ చుట్టిన మట్టి కుండలో ఉంచొచ్చు. ఐసు గడ్డలకు నేరుగా తగలనీయొద్దు. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు.

తిండి దొరక్కపోతే...

ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు గానీ వేసుకొని తినకపోతే రక్తంలో చక్కెర బాగా పడిపోతుంది. చెమటలు, వణుకు, గుండెదడ, విపరీతమైన ఆకలి, తికమక దీని ఆనవాళ్లు. వెంటనే మూడు చెంచాల చక్కెర గానీ గ్లూకోజు గానీ నీళ్లలో కలిపి తాగాలి. 15 నిమిషాల తర్వాత మళ్లీ పరీక్షించుకోవాలి. 70 కన్నా తక్కువుంటే ఇంకోసారి తాగాలి. స్పృహ లేని వారి నోట్లో ఏదీ పోయొద్దు. ఆసుపత్రికి తరలించాలి.

తిండి ఎప్పుడొస్తుందో తెలియనప్పుడు మాత్ర వేసుకోవాలా, మానాలా అన్నది ప్రయాణానికి ముందే డాక్టర్‌తో మాట్లాడుకోవటం మంచిది. టైప్-1 మధుమేహులు మాత్రం తిండి లేకపోయినా ఇన్సులిన్‌ను పూర్తిగా ఆపకూడదు. మోతాదు ఎంత తగ్గించాలో ముందే తెలుసుకొని ఉండాలి. సంచిలో పుట్నాలు, అటుకులు, వేరుసెనగ చిక్కీ, ఖర్జూరాలు ఉంటే పొయ్యి లేకపోయినా రెండు పూటలు గడిచిపోతాయి.

నీళ్లు మానేయొద్దు

ఆగిపోయిన రైల్లోనో, కిక్కిరిసిన హాల్లోనో చిక్కుకున్నప్పుడు చాలామంది, ముఖ్యంగా మహిళలు, మరుగుదొడ్డికి వెళ్లాల్సి వస్తుందని నీళ్లు తాగరు. దీంతో తలనొప్పి, తల తిరగటంతో పాటు మూత్రనాళ ఇన్‌ఫెక్షన్ల ముప్పూ పెరుగుతుంది. మూత్రం ముదురు పసుపు రంగులో ఉంటే నీళ్లు చాలటం లేదనే అర్థం. గుండె, కిడ్నీ జబ్బులతో నీళ్లు మితంగా తాగేవారు మాత్రం డాక్టర్ చెప్పిన కొలతే పాటించాలి.

వరద వచ్చిన చోట కింది సంపులోకి మురుగు చేరొచ్చు. కుళాయి నీళ్లతో పళ్లు తోముకోవటం కూడా మంచిది కాదు. సీలు వేసిన సీసా నీళ్లు లేకపోతే కనీసం ఒక నిమిషం పాటు తెర్లేలా మరిగించి చల్లార్చుకోవాలి. క్లోరిన్ మాత్ర వేస్తే అరగంట ఆగి తాగాలి. విరేచనాలు పట్టుకుంటే ఓఆర్ఎస్ ప్యాకెట్‌ను దాని మీద రాసిన కొలత నీళ్లలో కలుపుకోవాలి. అది లేకపోతే లీటరు శుభ్రమైన నీటిలో 6 చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి తాగొచ్చు. చెంచాలు తలగొట్టి కొలవాలి.

గాలి ఆగిందని బయటికెళ్లొద్దు

తుపాను కేంద్రం మీదుగా పోతున్నప్పుడు ఉన్నట్టుండి గాలి తగ్గి ఆకాశం తేటపడొచ్చు. కాసేపటికే ఎదురు దిక్కు నుంచి మళ్లీ విరుచుకుపడుతుంది. అధికారులు చెప్పేవరకూ లోపలే ఉండాలి. ఉరకలేసే నీరు ఆరంగుళాల లోతున్నా మనిషిని పడదోస్తుంది. నిలిచిన నీటిలో తెగిన కరెంటు తీగలు, మూతలేని మ్యాన్‌హోళ్లు ఉండొచ్చు. నీళ్లలో దిగక తప్పకపోతే కాళ్లకు బూట్లు ఉండాలి. బయటికొచ్చాక సబ్బుతో శుభ్రంగా కడుక్కోవాలి. గాయమైతే టీటీ ఇంజెక్షన్ విషయం డాక్టర్‌ను అడగాలి.

గదిలో బొగ్గుల కుంపటి, వరండాలో జనరేటర్ వద్దే వద్దు. వాటి పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. గదిలో ఒకరికి మించి ఒకేసారి తలనొప్పి, వాంతి, మగత వస్తే అందరూ వెంటనే ఆరుబయటి గాలిలోకి రావాలి.

గంటల తరబడి ఒకేచోట కూర్చోవటమూ మంచిది కాదు. గంటకో రెండు గంటలకో లేచి నాలుగడుగులు వేయాలి, పిక్కలు కదిలించాలి. ఒక్క కాలి పిక్కే వాచి నొప్పి పెడుతున్నా, ఆయాసం వచ్చినా అత్యవసరంగా చూపించుకోవాలి.

పది మంది ఉన్నారు, అదే బలం

అభిరుచి సమావేశాల్లో చిక్కుకున్నవారికి ఒక సౌలభ్యం ఉంది. చుట్టూ ఉన్నవారు పూర్తిగా పరాయివాళ్లు కారు. ఎవరికి ఏ జబ్బు ఉంది, ఏ మందు ఎన్ని రోజులకు ఉంది, గ్లూకోమీటర్ ఎవరి దగ్గరుంది, డాక్టర్ గానీ నర్సు గానీ ఉన్నారా అన్నది మొదటి గంటలోనే ఒక కాగితం మీద రాసుకోండి. ఒంటరిగా వచ్చిన పెద్దవాళ్లకు ఒకరిని తోడుగా ఉంచండి. ఒకరి మాత్రలు మరొకరికి ఇచ్చేముందు మాత్రం డాక్టర్‌ను అడగాల్సిందే.

ఫోన్లన్నీ ఒకేసారి వాడకుండా వంతులు వేసుకోండి. మాట కలవకపోయినా చాలాసార్లు ఎస్సెమ్మెస్ వెళ్తుంది. భయపెట్టే వీడియోలు పదేపదే చూడటం మానేసి, పిల్లలకు చదరంగం నేర్పండి, ఆల్బమ్‌లు తీసి చూపించండి. చేతికి పని దొరికితే మనసు కుదుటపడుతుంది. నిద్ర పట్టనంత ఆందోళన ఉంటే టెలి మానస్‌తో మాట్లాడొచ్చు.

ఇల్లు చేరాక

వరద నీటిలో నడిచినవారికి తర్వాతి రెండు, మూడు వారాల్లో జ్వరం, ఒళ్లునొప్పులు, కళ్లు ఎర్రబడటం వంటివి కనిపిస్తే లెప్టోస్పైరోసిస్ కావొచ్చు. మామూలు జ్వరమేనని ఊరుకోకుండా, నీళ్లలో నడిచిన సంగతి డాక్టర్‌కు తప్పకుండా చెప్పాలి. ఆ ఒక్క మాటతో సరైన పరీక్ష, సరైన చికిత్స త్వరగా మొదలవుతాయి.

ఈ నంబర్లు కాగితం మీద రాసుకోండి

అంబులెన్స్ 108. ఏ అత్యవసరానికైనా 112. రైలు ప్రయాణికులకు 139. రాష్ట్ర విపత్తు కంట్రోల్ రూమ్ 1070, జిల్లాది 1077. మానసిక ఆందోళనకు టెలి మానస్ 14416.