వాహనములో ఆంప్లిఫయరుకు చోటెక్కడ?

తెలుగు పాఠములు చెప్పుకొను మేము విద్యుత్తును గురించి వ్రాయబూనుట కొందరు మిత్రులకు వింతగా తోచవచ్చును. కాని కొయ్యూరు దారిలో ఒక ఉదయము జరిగిన సంఘటన ఈ విషయమును తెలిసికొనక తప్పని స్థితిలో మమ్ము నిలిపినది. పైగా మన కళాశాల వాహనములో ఒక ఆంప్లిఫయరును స్థిరముగా అమర్చవలెనను ప్రతిపాదన ఇప్పుడు కమిటీ పెద్దల ముందున్నది. దానిని ఎక్కడ బిగింపవలెనని అడిగినచో, “ఎక్కడ ఖాళీ ఉన్న అక్కడ” అని ఒకరు తేలికగా సెలవిచ్చినారు. ఆనాడు జరిగిన పొరపాటు సరిగా అదియే.

జాతీయ సేవా పథకము శిబిరమునకై విద్యార్థులతో కొయ్యూరు వెళ్ళినాము. 1924 మే 7వ తేదీన అల్లూరి సీతారామరాజు నేలకొరిగిన ఊరు అది. మలేరియా నివారణ, దోమతెరల వాడుక గురించి మన్యపు పల్లెలలో ప్రకటనలు చేయుట మా పని. అందుకై ఒక జీపును, మైకుసెట్టును అద్దెకు తీసికొన్నాము. జీపు పైకప్పు మీద రెండు బాకా స్పీకర్లు కట్టినారు. ఆంప్లిఫయరును మాత్రము చిట్టచివరి సీటు క్రిందికి త్రోసి, చుట్టును మా పరుపుల మూటలు సర్దినారు. బ్యాటరీ నుండి ఇంటి వైరింగులో వాడు సన్నని తీగను తెచ్చి, ఇంజనుకును మనము కూర్చుండు భాగమునకును నడుమ ఉండు రేకులోని రంధ్రము గుండా లోనికి లాగినారు. మేమును చూచుచునే ఉన్నాము గాని ఒక్క ప్రశ్నయు అడుగలేదు.

నర్సీపట్నము నుండి బయలుదేరి కృష్ణదేవిపేట దాటిన పిదప మొదట ప్రకటన ఆగిపోయినది. చదువుచున్న విద్యార్థి నోరు కదలుచున్నది గాని పైన బాకాలు పలుకుట లేదు. మరికొంత దూరము గతుకులలో పోవగానే రబ్బరు కాలిన వాసన, ఆ వెనుకనే డ్రైవరు కాళ్ళ దగ్గర నుండి పొగ. అతడు జీపు ఆపి, బానెట్టు ఎత్తి, పానాతో బ్యాటరీ తీగను ఊడదీయు లోపల అరచేయంత మేర క్రింది పరుపు కాలిపోయినది. లోపల మాతోపాటు ఐదుగురు విద్యార్థులున్నారు. వెనుక తలుపు ఒక్కటే దారి. దానికి అడ్డముగా మూటలు. ఎవరికిని దెబ్బ తగులలేదు. ఆనాటి ప్రకటన కొయ్యూరులో డప్పు వేయించి చేసినాము. డప్పుకు బ్యాటరీ అక్కరలేదు గదా!

తిరిగి వచ్చిన పిదప భౌతికశాస్త్ర శాఖలోని మిత్రుని పట్టుకొని అడిగినాము. ఆయన నల్లబల్ల మీద రెండు బొమ్మలు గీచి, జరిగినవి రెండు వేరు వేరు సంగతులని చెప్పినారు. మొదటిది వేడి వలన కలిగినది, రెండవది తీగ వలన కలిగినది. రెంటికిని మూలము మాత్రము ఆంప్లిఫయరుకు ఎన్నుకొన్న చోటే.

ముందుగా వేడి సంగతి. ఆంప్లిఫయరు బ్యాటరీ నుండి తీసికొన్న శక్తినంతను శబ్దముగా పంపజాలదు. ఏబీ తరగతి అనబడు పాత పద్ధతి యంత్రములు తీసికొనుదానిలో సుమారు సగము మాత్రమే స్పీకరుకు పంపి, తక్కిన సగమును వేడిగా విడుచును. వంద వాట్లు పలికింపవలెనన్నచో రెండువందల వాట్లు తీసికొనవలెను; మిగిలిన వంద వాట్లును పెట్టెలోనే వేడియగును. వెలుగుచున్న పాతకాలపు వంద వాట్ల బల్బును ముట్టుకొని చూచినవారికి ఆ వేడి ఎట్టిదో తెలియును. దానిని పరుపు మూటల నడుమ దాచినచో ఏమగునో వేరుగా చెప్పనక్కరలేదు. మాట్లాడునపుడు మాటకు మాటకు నడుమ విరామమున్నందున సగటు వేడి ఇంతకన్న తక్కువగనే ఉండును. కాని గాలి ఆడని చోట ఆ తక్కువ వేడియు పేరుకొనిపోవును. చాలా ఆంప్లిఫయర్లలో అతివేడిని కనిపెట్టి తమంతట తామే ఆగిపోవు ఏర్పాటు ఉండును. మా జీపులో మొదట ప్రకటన ఆగుటకు కారణమిదే. అది చెడిపోవుట కాదు, తన్ను తాను కాపాడుకొనుట. ఇప్పుడు వచ్చుచున్న డీ తరగతి యంత్రములు నూటికి ఎనుబది, తొంబది పాళ్ళు పనికి తెచ్చును గనుక వాని వేడి తక్కువ. అయినను ఎండలో తలుపులు మూసియుంచిన వాహనములో, బయట 35 డిగ్రీలున్నప్పుడే లోపల 50 దాటుట సామాన్యము. అట్టి చోట ఏ యంత్రమైనను సగము అలసిన పిదపనే పని మొదలుపెట్టును.

ఆంప్లిఫయరు పెట్టెకు ప్రక్కల నిలువు గాట్లతో అల్యూమినియపు రెక్కలుండును. అవి అలంకారము కొరకు కాదు. రెక్కల నడుమ గాలి వేడెక్కి పైకి పోవును, క్రింది నుండి చల్లని గాలి వచ్చును. పొయ్యి మీది పొగగొట్టము పని చేయు తీరే ఇదియును. కావున గోడకు నిలువుగా బిగించినపుడు రెక్కల గాట్లు క్రింది నుండి పైకి ఉండునట్లు చూడవలెను. అడ్డముగా బిగించినచో గాలి ఎక్కడికక్కడ నిలిచిపోవును. తలక్రిందుగా, అనగా రెక్కలు నేలవైపు ఉండునట్లు వ్రేలాడదీసినచో వేడి తిరిగి పెట్టెలోనికే ఎక్కును. కార్ల డిక్కీలో పైపలకకు ఇట్లు బిగించుట తరచుగా చూచుచుందుము. చూచుటకు ముచ్చటగనే ఉండును.

ఇక తీగ. మా మిత్రుడు ఎక్కువసేపు చెప్పినది దీనిని గురించియే. వంద వాట్ల ఆంప్లిఫయరు నిండుగా పలుకునపుడు రెండువందల వాట్లు తీసికొనునని అనుకొన్నాము గదా. 12 వోల్టుల బ్యాటరీ నుండి అంత శక్తి రావలెనన్నచో సుమారు 17 ఆంపియర్ల విద్యుత్తు ప్రవహింపవలెను. ఇంటిలో 230 వోల్టులపై ఆ పనికే ఒక ఆంపియరు కూడ అక్కరలేదు. వాహనములో వోల్టేజి తక్కువ గనుక ప్రవాహము ఎక్కువ. ప్రవాహము ఎక్కువైనచో తీగ లావుగా ఉండవలెను. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ 5 మీటర్ల పొడవున్నచో, 17 ఆంపియర్లకు దారిలోనే 0.6 వోల్టు దాక పోవును, సుమారు 10 వాట్లు తీగలోనే వేడియగును. అదే పొడవున 10 చదరపు మిల్లీమీటర్ల తీగ వేసినచో 0.15 వోల్టుతో సరిపోవును. పొడవును సగము చేసినచో నష్టమును సగమగును.

ఆంప్లిఫయరు బాకాలకు దగ్గరగా ఉండవలెనా, బ్యాటరీకి దగ్గరగా ఉండవలెనా అను ప్రశ్నకు సమాధానము ఇక్కడనే దొరకును. ప్రకటనలకు వాడు మైకుసెట్లలో బాకాలకు 100 వోల్టుల లైను ఇచ్చు పద్ధతి ఉన్నది. ఆ పద్ధతిలో వంద వాట్లకు బాకా తీగలో పారునది ఒక్క ఆంపియరు మాత్రమే. కావున దూరము తప్పనిసరియైనచో దానిని బాకాల వైపు ఉంచి, బ్యాటరీ వైపు తీగను కురుచ చేయవలెను. మా జీపులో జరిగినది దీనికి తలక్రిందులు. ఆ 100 వోల్టుల తీగ చేతికి తగిలిన షాకు కొట్టునని మాత్రము విద్యార్థులు మరువరాదు.

పొగకు కారణము వేరు. రేకులోని రంధ్రము అంచు కత్తివలె ఉండును. దానికి రబ్బరు వలయము తొడుగలేదు. గతుకులలో తీగ ఆ అంచున రాచుకొని, తొడుగు తెగి, రాగి బాడీకి తగిలినది. వాహనపు బాడీ బ్యాటరీ ఋణధ్రువమునకు కలుపబడి యుండును గనుక బ్యాటరీ శక్తియంతయు ఆ తీగ గుండా దూకినది. ఇంజనును తిప్పు బ్యాటరీ క్షణములో వందల ఆంపియర్లు ఇవ్వగలదు. ఫ్యూజు లేదా అని అడుగుదురు. ఉన్నది, కాని ఆంప్లిఫయరు వెనుక! ప్రమాదము జరిగినది బ్యాటరీకిని ఫ్యూజుకును నడుమ. ఆ ఫ్యూజు గుండా పోని ప్రవాహము దానిని ఎట్లు కరిగించును? ఈ ఒక్క సంగతి మాకు అర్థమైన దినమున రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. ఆంప్లిఫయరు వెనుక ఉండు ఫ్యూజు యంత్రమునకు రక్షణ. తీగకును వాహనమునకును రక్షణగా వేరొక ఫ్యూజు బ్యాటరీకి సాధ్యమైనంత దగ్గరగా, 45 సెంటీమీటర్లకు మించని దూరములో ఉండితీరవలెను.

ఈ రెండు సంగతులు మనసున నిలుపుకొని వాహనములోని చోట్లను పరిశీలించినచో సగము ప్రశ్నలు తామే తేలిపోవును. బానెట్టు క్రింద బ్యాటరీ ప్రక్కనే ఉన్నదని అక్కడ పెట్టరాదు. ఇంజను వేడి, వాన నీరు, దుమ్ము మూడును అక్కడనే. ముందు సీటు క్రింద తీగ కురుచయగును, కార్లలో పాటలు వినువారికి అది మంచి చోటే. కాని సీటు ముందుకు వెనుకకు జరుగునపుడు తగులకుండునా, ఏసీ గాలి గొట్టము మూసికొనిపోదా, బురదకాళ్ళ తడి చేరదా అని చూచుకొనవలెను. నేటి వాహనములలో సీటు క్రింద గాలిసంచి తీగలు పోవుచుండును, వానిని కదలింపరాదు. వాగులు దాటు మన్యపు దారులలో నేలకు ఆనించి ఏ యంత్రమును పెట్టరాదు.

డిక్కీలో గాలి ఎక్కువ, చోటు ఎక్కువ. అందువలననే కార్లలో చాలామంది అక్కడ పెట్టుదురు. అక్కడ తీగ పొడవు పెరుగును గనుక లావైనది వేయవలెను. సామాను పైన పడకుండ కట్టడి ఉండవలెను. స్టెప్నీ గుంటలో నీరు చేరును గనుక అది పనికిరాదు. బాస్ స్పీకరు పెట్టెమీదనే ఆంప్లిఫయరును బిగించుట యువకులకు ప్రీతి. అక్కడి అదురుకు లోపలి అతుకులు, మరలు కొంతకాలమునకు వదులగును. అన్నిటికన్న ముఖ్యము, రంధ్రము వేయుటకు ముందు వాహనము క్రిందికి దూరి చూడవలెను. చాలా కార్లలో పెట్రోలు ట్యాంకు వెనుక సీటు క్రిందనే ఉండును. గ్యాసుతో నడుచు వాహనమున సిలిండరు డిక్కీలో ఉన్నచో ఆ చోటును మరచిపోవుటే మేలు.

ఇంజను వేగము పెరిగినకొలది స్పీకరులో సన్నని ఈల కూడ పెరుగుచున్నదని కొందరు చెప్పుదురు. అది ఆల్టర్నేటరు నుండి వచ్చునది. బ్యాటరీ తీగను ఒక ప్రక్కగాను, పాట తెచ్చు తీగను రెండవ ప్రక్కగాను నడిపించి, ఎర్తు తీగను కురుచగా, రంగు గీకిన శుభ్రమైన రేకుకు బిగించినచో చాలవరకు తగ్గును.

మన కళాశాల వాహనమునకు వచ్చునపుడు ఇంకొక సంగతి ఉన్నది. పాటల ఆంప్లిఫయరును ఎక్కడ దాచినను చెల్లును. ప్రకటనల ఆంప్లిఫయరు చదువువాని చేతికి అందవలెను. బాకా కూత తిరిగి మైకులో దూరి కీచుమన్నప్పుడు వెంటనే మీట తగ్గింపవలెను గదా. ఆసుపత్రులు, పాఠశాలలు, న్యాయస్థానముల చుట్టును వంద మీటర్ల మేర నిశ్శబ్ద ప్రాంతముగా నిర్ణయించుటకు 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమములు వీలు కల్పించినవి గనుక అట్టి చోట్ల పూర్తిగా కట్టివేయవలెను. కావున ముందు సీట్ల వెనుక, నేలకు నాలుగు అంగుళముల ఎత్తున ఒక చెక్కపలక వేసి, దానిమీద చుట్టును రెండేసి అంగుళముల ఖాళీ విడిచి బిగించుట మేలని మేమును, మా భౌతికశాస్త్ర మిత్రుడును నిశ్చయించినాము. అక్కడికి బ్యాటరీ నుండి తీగ రెండున్నర మీటర్లకు మించదు. ఆ ప్రక్కన మూటలు పెట్టుటకు వీలులేకుండ ఒక ఇనుప కడ్డీ అడ్డముగా వేయించవలెను. దీనికై ఒక విద్యార్థి కూర్చుండు చోటు తగ్గునని కమిటీలో ఒక పెద్దలు అభ్యంతరము తెలిపినారు. తగ్గుట నిజమే. ఆనాడు వెనుక తలుపుకు అడ్డముగా మూటలున్న సంగతి వారికి వివరముగా వ్రాసియిచ్చినాము.

పోయిన వారము వాహనము క్రిందికి దూరి, ట్యాంకు ఎక్కడివరకు ఉన్నదో కొలిచి, రంధ్రములు వేయవలసిన చోట్ల సుద్దముక్కతో గుర్తులు పెట్టినాము. రబ్బరు వలయములు, 10 చదరపు మిల్లీమీటర్ల తీగ, బ్యాటరీ దగ్గర బిగించు 25 ఆంపియర్ల ఫ్యూజు మాత్రము మా సొంత డబ్బుతో ముందే కొనియుంచినాము. రసీదులు కార్యాలయములో ఇచ్చినాము, మంజూరు రావలసియున్నది.