బల్ల మీద రైలు స్టేషను

రైలు చూడని వాళ్లు మనలో ఎవరూ లేరు. పత్తి, మిర్చి అమ్ముకోను గుంటూరు పోయేవాళ్లు ఎక్కుతారు. కూలి పనులకు ఊరు దాటేవాళ్లు ఎక్కుతారు. కానీ రైలు దారిలో అరగంట ఎందుకు ఆగిపోయిందో అడిగితే చాలామంది చెప్పలేరు. ఇంట్లో చిన్న రైలు స్టేషను నమూనా చేసి చూస్తే ఆ సంగతి తేలికగా తెలుస్తుంది. పిల్లలకు ఆట. పెద్దలకు లెక్క.

ఎంత చిన్నది చేయాలి?

ముందు కొలత నిర్ణయించుకోవాలి. 1 మీటరుకు 1 సెంటీమీటరు అనుకుందాం. 1 మీటరులో 100 సెంటీమీటర్లు ఉంటాయి. అంటే మన నమూనా నిజం రైలులో నూరో వంతు అన్నమాట. ఈ లెక్కలు చూడండి.

రైలు పెట్టె పొడవు సుమారు 22 మీటర్లు. మనకు 22 సెంటీమీటర్లు.
డీజిల్ ఇంజను పొడవు సుమారు 17 మీటర్లు. మనకు 17 సెంటీమీటర్లు.
పెద్ద పట్టాల మధ్య ఎడం 1.676 మీటర్లు. మనకు 1.7 సెంటీమీటర్లు.
మనిషి ఎత్తు 1.6 మీటర్లు. మనకు 1.6 సెంటీమీటర్లు. అగ్గిపుల్లలో సగం కూడా ఉండడు!

గుంటూరు నుంచి నరసరావుపేట దాకా లైనంతా చేయగలమా? ఆ దూరం 40 కిలోమీటర్లు దాటుతుంది. నూరో వంతు అంటే 400 మీటర్ల పైమాటే. ఊరి వీధి కూడా చాలదు. అందుకే ఒక్క స్టేషను మాత్రమే చేద్దాం.

లైనును గుండ్రంగా తిప్పుదామా? అదీ కష్టమే. మన దేశంలో పెద్ద లైను ఎంత గట్టిగా వంపు తిరిగినా, ఆ వంపు వ్యాసార్ధం 175 మీటర్లకు తగ్గకూడదు. మన కొలతలో అది 1.75 మీటర్లు. పూర్తి చుట్టు తిప్పాలంటే మూడున్నర మీటర్ల గది కావాలి. అంత చోటు ఎక్కడిది? కాబట్టి తిన్నగా పోయే లైనే మేలు. 120 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న బల్ల చాలు.

ఏమేం కావాలి?

బల్ల మీద పరచను మందపాటి అట్ట. పట్టాలకు చీపురు పుల్లలు. పెట్టెలకు పాత అట్టపెట్టెలు. జిగురు, గుండుసూదులు, కత్తెర, స్కేలు, పెన్సిలు. ఖర్చు తక్కువే.

ఎలా చేయాలి?

1. అట్ట మీద పెన్సిలుతో నిడుపుగా ఒక గీత గీయండి. ఇది అసలు లైను.

2. దాని పక్కన రెండో గీత గీయండి. దాని రెండు కొసలనూ మెల్లగా వంచి అసలు లైనులో కలపండి. దీన్ని లూప్ లైను అంటారు.

3. అట్టను 1.7 సెంటీమీటర్ల వెడల్పున ముక్క కత్తిరించండి. దాన్ని మధ్యలో పెట్టి, రెండు పక్కలా పుల్లలు అంటించండి. ముక్కను జరుపుతూ పోండి. అప్పుడు ఎడం ఎక్కడా మారదు. ఎడం మారితే నిజం రైలైనా పట్టాలు తప్పుతుంది.

4. లైన్లు కలిసే చోట ఒక పుల్లకు జిగురు పెట్టవద్దు. ఒక కొసన గుండుసూది గుచ్చండి. అది అటూ ఇటూ తిరగాలి. రైలు ఏ దారిన పోవాలో అదే చెబుతుంది. రైలుకు అడ్డం వచ్చే పుల్లలను కాస్త కత్తిరించి సందు ఉంచండి.

5. పెట్టె కింద ముందొకటి, వెనకొకటి చిన్న అట్టముక్కలు సూదితో గుచ్చండి. వాటి వెడల్పు 1.3 సెంటీమీటర్లు ఉంటే పుల్లల మధ్య జారుతూ పోతాయి. నిజం చక్రానికి లోపలి అంచున గట్టు ఉంటుంది. రైలును పట్టాల మీద నిలిపేది ఆ గట్టే. మన ముక్కలు ఆ పనే చేస్తాయి. సూది మీద తిరుగుతాయి కాబట్టి పెట్టె వంపులో ఇరుక్కోదు.

రైలు ఎందుకు ఆగింది?

ఒక ఇంజను, రెండు పెట్టెలు కలిస్తే 61 సెంటీమీటర్లు. కాబట్టి లూప్ లైను తిన్నని భాగం 70 సెంటీమీటర్లన్నా ఉండాలి. రైలు తోక అసలు లైను మీద మిగిలితే రెండో రైలుకు దారి ఉండదు.

ఇప్పుడు రెండు రైళ్లను ఎదురెదురుగా నడపండి. లైను ఒక్కటే. ఏం చేస్తారు? ఒకదాన్ని లూప్ లైనులో నిలపాలి. రెండోది దాటిపోయాక దాన్ని వదలాలి. దీన్నే క్రాసింగు అంటారు. ఒంటి లైను మీద మన బండి ఆగేది చాలాసార్లు ఇందుకే. డ్రైవరును తిట్టుకుని లాభం లేదు.

చిన్న పట్టాలు, పెద్ద పట్టాలు

1 సెంటీమీటరు ఎడంతో ఇంకో లైను అంటించి చూడండి. మన రైలు దాని మీద పోదు. ఒకప్పుడు మన ప్రాంతంలో జరిగింది ఇదే. నరసరావుపేట, వినుకొండ, మార్కాపురం వైపు మీటర్ గేజి ఉండేది. అంటే పట్టాల ఎడం 1 మీటరే. గుంటూరు నుంచి తెనాలి వైపు బ్రాడ్ గేజి. అటు సరుకు ఇటు పోవాలంటే గుంటూరులో బస్తాలు దించి, వేరే బండికి ఎక్కించాలి. రెండుసార్లు కూలి. పైగా ఆలస్యం. చిరిగిన బస్తా నుంచి రాలిన మిర్చి రైతుకు నష్టమే. 1992లో రైల్వే శాఖ యూనిగేజి పథకం మొదలుపెట్టింది. 1990 దశకంలో ఈ లైన్లు బ్రాడ్ గేజిగా మారాయి.

గేటు మరవకండి

బల్ల చివర ఒక రోడ్డు గీసి, పుల్లతో గేటు పెట్టండి. బ్రాడ్ గేజి మీద కాపలా లేని గేట్లను 2019 నాటికి తీసేశారు. అయినా వేసిన గేటు కింద దూరేవాళ్లు ఉన్నారు. పత్తి ట్రాక్టరుకు బ్రేకు వేస్తే కొద్ది దూరంలో ఆగుతుంది. వేగంగా వచ్చే రైలు ఆగాలంటే వందల మీటర్లు కావాలి. మన కొలతలో 500 మీటర్లు అంటే 5 మీటర్లు. అంటే బల్ల దాటి, గది దాటి, వాకిట్లోకి పోతుంది. ఈ మాట పిల్లలకు నేల మీద కొలిచి చూపించండి.

చేసి చూడండి

1. మీ ఇంటి పొడవు ఎన్ని మీటర్లు? నమూనాలో ఎన్ని సెంటీమీటర్లు అవుతుంది?
2. ఇంకో పెట్టె తగిలిస్తే రైలు పొడవు ఎంత? 70 సెంటీమీటర్ల లూప్ లైనులో పడుతుందా?
3. మీ దగ్గరి స్టేషనుకు పోయి లైన్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. పట్టాలు దాటవద్దు. ప్లాట్‌ఫారం మీద నిలబడే చూడండి.